ఏడో దీపం ఊదిందెవరు

తలుపుకు గొలుసు పెట్టే మాట్లాడిన ఆ పిల్లతోని. పాతికేండ్లు ఉంటయేమో, నెత్తి మీద పూల దుపట్టా, భుజానికి ల్యాప్‌టాప్ సంచి, చేతుల ఒక ప్లాస్టిక్ కవరు. "వసుంధర గారు ఉన్నరా?" అని అడిగింది. ఉన్ననని చెప్పలే, లేనని చెప్పలే. "ఏం పని?" అన్న. పగటిపూట పదకొండు గంటలకు సీతాఫల్‌మండిల మూడో అంతస్తు ఎక్కి, నవ్వు మొహం పెట్టుకొని వచ్చేటోళ్లను నేను నమ్మ. నీళ్ల ఫిల్టర్ అంటరు, సర్వే అంటరు, ఫోన్‌కు నంబర్ వచ్చిందా జెర చెప్పండమ్మా అంటరు. మొన్ననే మా కింది ఫ్లాట్ ఆయనకు సొంత కొడుకు గొంతుతోనే ఎవడో ఫోన్ చేసి బోరుమని ఏడ్చిండు. చూస్తే కొడుకు పక్క రూంల పండుకొని ఉన్నడు. గొంతులు సుత మిషన్లు తయారు చేస్తున్నయట. ఇగ ఎవరిని నమ్మాలె?

"ఆంటీ, మీరేనా ధూమ్రవేణి?" అన్నది ఆ పిల్ల.

నా చెయ్యి గొలుసు మీదనే ఆగింది. ఆ పేరు విని యాభై ఏండ్లు దాటింది. 'ఏడు దీపాల కోట' అని ఒక పాత నవల ఉండె. దాన్ని రేడియో వాళ్లు ఏడు భాగాల నాటకం చేసి వారం వారం వేసిన్రు. అందుల మంత్రగత్తె ధూమ్రవేణి. వారానికొక దీపం ఆర్పుతది, ఏడోది ఆరిందంటే రాకుమారుడు రాయి అయితడు. ఆ నవల పేరు చెప్తే మా బడిల నాతోని పనిచేసిన టీచర్లకే తెల్వదు. నిన్నగాక మొన్న పుట్టిన ఈ పిల్లకెట్ల తెలిసింది? మా ఇంటి సంగతి దీనికెవరు చెప్పిన్రు?

"నా పేరు నస్రీన్ ఆంటీ, రాంగోపాల్‌పేట్ నుంచి వచ్చిన. మా తాత ఖాదర్ రేడియోల సప్పుళ్లు చేసేటోడు. గుర్రాలు, ఉరుములు, తలుపులు అన్నీ తాతనే. పోయినేడు చనిపోయిండు. ట్రంకు తీస్తే ఒక టేపు చుట్ట దొరికింది, ఈ కాయితం దొరికింది" అనుకుంట కవరుల నుంచి పసుపు పడ్డ కాయితం తీసి తలుపు సందుల పెట్టింది. టైపు కొట్టిన పేర్లు. చివరికి, 'ధూమ్రవేణి: శ్రీమతి వసుంధర, సీతాఫల్‌మండి'. పక్కన మా పాత ఇంటి నంబరు.

ఆ నాటకం వచ్చిననాడు నాకు ఎనిమిదేండ్లు. రేడియో స్టేషన్ గడప నేను ఈనాటిదాక తొక్కలే. అయినా కాయితం మీద ఉన్నది నా పేరే. గొలుసు తీసి లోపలికి రమ్మన్న. మంచినీళ్లు ఇచ్చిన గాని చాయ్ పెట్టలే. ఫోన్ నాకు కనబడేటట్టు టేబుల్ మీద పెట్టమన్న. మా నాయనమ్మ ఇత్తడి పాన్‌డబ్బా మా చిన్నత్త తీస్కపోయింది, నాయనమ్మ అనుమానం మాత్రం నాకు మిగిలింది.

ఈ అపార్ట్‌మెంట్ ఉన్న జాగల్నే మా పెంకుటిల్లు ఉండె. రెండర్రలు, ముందట బండలు పరిచిన వాకిలి, వెనుక బొగ్గుల పొయ్యి. బాపు రైల్వే వర్క్‌షాపుల ఫిట్టరు. ఆయన అంగీకి ఎన్ని సబ్బులు పెట్టినా పోని గ్రీజు వాసన, నాయనమ్మ దగ్గర జర్దా వాసన, అమ్మ దగ్గర బొగ్గు పొగ, కుంకుడుకాయ వాసన. కండ్లు మూసుకొని సుత ఎవరొచ్చిన్రో చెప్తుంటి. పొద్దుగాల వర్క్‌షాపు భోంగా మోగంగనే వాడకట్టు మొత్తం లేస్తుండె. నాయనమ్మ మాత్రం భోంగా కన్న ముందే లేచి, కోడలు లేచిందా లేదా అని చూస్తుండె. ఆమెకు అందరి మీద అనుమానమే. పాలోడు నీళ్లు కలుపుతున్నడని, పక్కింటోళ్లు పిల్లిని మా పెరుగు కోసమే పెంచుతున్నరని, పోస్టుమాను ఉత్తరాలు చదివి మళ్ల అతికించి ఇస్తున్నడని. అన్నిటికన్న పెద్ద అనుమానం కోడలు మీద.

అమ్మ పేరు బాలమణి. ఆ పేరు ఆ ఇంట్ల నేను ఎన్నడు వినలే. నాయనమ్మ "ఓ పిల్లా" అంటుండె, బాపు "ఏమే" అంటుండె, వాడకట్టోళ్లు "బుడ్డి తల్లి" అంటుండ్రి. ఆ బుడ్డిని నేనే. వసుంధర అనే పేరు బడి రిజిస్టర్ల తప్ప ఇంకెక్కడ పలుకకపోదురు. అమ్మ మెల్లగ మాట్లాడేది, మెల్లగ నడిచేది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని భుజాలు ఊగిస్తది, అంతే, సప్పుడు రాదు. ఆడదాని నవ్వు వాకిట్లకు ఇనబడొద్దని నాయనమ్మ కట్టడి. గంత అణిగి మణిగి ఉండే అమ్మ, ఒక్క విషయంల మాత్రం మొండికి పడ్డది. బేస్తారం నాడు మధ్యాహ్నం రాంగోపాల్‌పేట్‌కు కుట్టు క్లాసుకు పోత అన్నది. బాపు పొమ్మన్నడు. నాయనమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంట, "గా కుట్టుడేందో నేను సుత చూస్త" అన్నది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నంక నాటకం. ట్రాన్సిస్టర్‌ను గూట్లకెల్లి దించి, తోలు కవరు గుండీలు విప్పి, పీట మీద పెడుతుండ్రి. బాపు ఒళ్లె ఆ నవల. అట్ట ఊడిపోతే గోధుమపిండి ఉడికించి అతికించిండు. రేడియోల నాటకం నడుస్తుంటే ఆయన వేలు పుస్తకంల నడుస్తుండె. "నవలల ధూమ్రవేణి గుడ్డిది, వీళ్లేందీ కండ్లు పెట్టిన్రు?" "నవలల ఈ నది లేనే లేదు!" ఇదే రంధి ఆయనకు. మొదటి వారం ధూమ్రవేణి దీపం ఊదంగనే పుస్తకం మూసి నెత్తి పట్టుకున్నడు. "గీ ఊదుడేందీ? నవలల అరచేత్తోని మూసి ఆర్పుతది గద!" నాయనమ్మకు ఇవేం పట్టకపోతుండె. ఆమె నేరుగ ట్రాన్సిస్టర్‌నే తిడుతుండె. ధూమ్రవేణి నవ్విందంటే చాలు, "నీ నోట్ల మన్ను వడ, ఎట్ల నవ్వుతుందో చూడు" అని మెటికలు విరుస్తుండె. నిజంగనే ఆ నవ్వు అట్లనే ఉండె. గొంతు కింది నుంచి లేచి, ఇల్లంత తిరిగి, పెంకులల్లకెల్లి పోతున్నట్టు. నేను బాపు వీపు వెనుక దాక్కుంటుంటి. అమ్మ ఓ మూలకు కూసొని చింతపండుకు గింజలు తీసుకుంట వింటుండె. తల ఎత్తకపోతుండె.

మొదట నాకు అనుమానం వచ్చింది రేడియో సెల్లుల కాడ. నాటకం అయిపోయి, "ఇందుల పాల్గొన్నవారు" అని పేర్లు షురూ కాంగనే అమ్మ లేచి టక్కున బంద్ చేస్తుండె. "సెల్లులు అయిపోతయి" అంటుండె. మరి దాని తర్వాత వార్తలకు అయిపోవా? భజనలకు అయిపోవా? ఒక ఆదివారం అమ్మ చేతులు పిండిల ఉండె. పేర్లు మొదలు కాబోతున్నయి. బాపు ఎన్నడు లేనిది లేచి, ఆయననే బంద్ చేసిండు. "సెల్లులు" అన్నడు, ఎవ్వరు అడగకముందే. అప్పుడు అమ్మ బాపు దిక్కు చూసిన చూపు నాకింక యాదికున్నది. బాపుకు తెలుసా అని నేను ఇప్పటికీ అనుమానపడుత.

ఇగ ఒకటి దొరికినంక అన్నీ దొరుకుతయి గద. మూడు నెలల కుట్టు క్లాసుల అమ్మ కుట్టింది ఒక్క జాకెట్టు, అదీ ఒంటి చెయ్యి. బేస్తారం ఇంటికి తిరిగొచ్చినప్పుడు ఆమె ముంజేతి మీద గట్టిగ గుడ్డ కట్టినట్టు ఎర్రటి గీతలు. ఒకరోజు బడి నుంచి జల్ది వచ్చిన. వంటింట్ల అమ్మ ఒక్కతే నిలబడి పాత కాయితాల కట్ట పట్టుకొని, ఒక్కొక్కటి కిందికి జారవిడుస్తున్నది, కొంచెం కూడ సప్పుడు రాకుంట. ఒకటి గరగరమంటే నాలుక కరుచుకొని మళ్ల మొదటి నుంచి షురూ చేసింది. అమ్మకు ఏమో అయిందని భయపడ్డ. ఎవ్వరికీ చెప్పలే.

ఆరో భాగం అయిన తెల్లారి, సోమవారం. అమ్మ నాకు పాల గ్లాసు తెచ్చింది. పాలు కాలుతున్నయి. ఎప్పటిలెక్కనే ఊదింది. మూడు సార్లు చిన్నగ ఊది, ఆగి, ముక్కుతోని గాలి తీసుకొని, నాలుగోది పొడుగ్గ ఊదుతది. పుట్టినకాడి నుంచి నా పాలు అట్లనే సల్లారుతున్నయి. కానీ ఆ సోమవారం నా ఒళ్లు ఝల్లుమన్నది. నిన్న మధ్యాహ్నం ఆరో దీపం అట్లనే ఆరింది. మూడు చిన్నయి, ఒక పొడుగుది. గ్లాసు నూకేసి నాయనమ్మ ఒళ్లెకు ఉరికిన. "అమ్మ కాదు నాయనమ్మా, అది ధూమ్రవేణి! ఇంక ఒక్కటే దీపం ఉన్నది!" అని ఏడ్చిన.

నాయనమ్మ పకపక నవ్వింది. నవ్వి నవ్వి, నడుమల ఆగిపోయింది. తమలపాకు చేతులనే ఉన్నది, కండ్లు అమ్మ మీద ఉన్నయి. అమ్మ ఒలికిన పాలు బట్టతోని తుడుస్తున్నది.

బుధవారం పొద్దుగాల నాయనమ్మ చెప్పులేసుకొని, ఎవ్వరికీ చెప్పకుంట రాంగోపాల్‌పేట్‌కు పోయింది. కుట్టు టీచరమ్మ ఇల్లు దేవులాడి పట్టుకున్నది. మీ కోడలు నా మొహం చూసి రెండు నెలలాయె అని ఆమె చెప్పిందట. సాయంత్రం మా వాకిట్ల పెద్ద లొల్లి. "ఎటు వోతున్నవే ఓ పిల్లా? బేస్తారం బేస్తారం ఎవని కోసం పోతున్నవ్?" అని నాయనమ్మ గుండెలు బాదుకున్నది. ఆ మాటకు అమ్మ తల ఎత్తింది. "రేడియో కాడికి పోతున్న. ఆ ధూమ్రవేణిని నేనే" అన్నది. మెల్లగనే అన్నది. పక్కిండ్లోళ్లు గోడల మీదికెల్లి చూస్తున్నరు. నాయనమ్మకు ఆ సంగతితోని ఇంక పెద్ద దెబ్బ తగిలింది. ఆరు వారాలు తాను మెటికలు విరిచి తిట్టింది కోడలినని కాదు, నాటకాలాడే ఆడది తన ఇంట్ల ఉన్నదని. బాపు నవల చేతుల పట్టుకొని కూసున్నడు, పేజీ తిప్పలే. నేను తలుపు చాటుకు నిలబడి ఉన్న. చెప్పింది నేనే గద.

బేస్తారం అమ్మ చివరిసారి పోయింది. "కాయితాలు ఇచ్చి వస్త" అని నాయనమ్మ ముందట నిలబడి చెప్పి పోయి, జల్దినే వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ట్రాన్సిస్టర్ గూట్లకెల్లి దిగలే. ఏడో దీపం ఆరిందా, వెలిగిందా, ఎవరు ఊదిన్రు, నేను వినలే. ఆ బేస్తారం తెల్లారి నుంచే అమ్మ నా పాలు ఊదలే. రెండు గ్లాసులు తెచ్చి, ఇందుల నుంచి అందుల, అందుల నుంచి ఇందుల పోసి సల్లార్చింది. నేను పెద్దగైనంక, నాకు పిల్లలు పుట్టినంక అమ్మ వాళ్లకు పాలిచ్చేటప్పుడు సుత రెండు గ్లాసులే. అది నా మీద కోపమే అనుకున్న. నువ్వు నన్ను పట్టిచ్చినవ్, ఇగ నా ఊపిరి నీకు తగలనీయ అన్నట్టు. అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్ననో, నోరు రాలే. అమ్మ పోయి ఇరవై ఏండ్లాయె. ఆమె ఫోటోలు నాలుగున్నయి. గొంతు మాత్రం ఏ డబ్బల లేదు.

ఇవేం ఆ పిల్లకు చెప్పలే. "వసుంధరను నేనే గాని, ధూమ్రవేణి నేను కాదు. మా అమ్మ" అన్న. అంత వరకే. ఎందుకు తన పేరు కాకుంట నా పేరు ఇచ్చిందో నేను ఇప్పుడు అంచనా కడుతున్న. ఎవ్వరూ పిలువక తన పేరు తనకే కొత్తగ అనిపించిందేమో. లేకుంటే ఇంట్ల ఎవ్వరికీ యాదికుండని పేరు అది ఒక్కటే అనేమో.

నస్రీన్ ముందుకు జరిగి కూసున్నది. "అట్లనా! తాత చెప్పేటోడు ఆంటీ, కుట్టు క్లాసు అరుగు మీద ఒకామె మేకను తిడుతుంటే విని రేడియోకు తీస్కపోయిన అని. గాజుల సప్పుడు మైకుల వడ్తదని చేతులకు దస్తీ గుడ్డలు కట్టుకునేదట. కాయితాలు సప్పుడు కాకుంట కింద వదులుడు ఆమె లెక్క ఎవ్వరికీ రాకపోయేదట." నేను మొహంల ఏం చూపియ్యలే. తాత చెప్పిండని ఎవరైనా చెప్పొచ్చు. "స్టేషన్ల టేపులు చెరిపి మళ్ల వాడేటోళ్లంట, నాటకం మొత్తం పోయింది. ఇది ఒక్క ముక్క. తాత మిషను సరి చూస్తుంటే ఎక్కినట్టున్నది, నేను ఫోన్‌లకు దింపించుకున్న" అనుకుంట ఫోన్ మీద వేలు పెట్టింది.

ముందు గుయ్యిమని సప్పుడు. కుర్చీ జరిగింది. మగ గొంతు, "ఆ చెల్లె, రా రా." తర్వాత ఒక ఆడమనిషి, "కాయితాలు ఇచ్చి పోదామని వచ్చిన అన్నా."

సన్నటి గొంతు. ముప్పై ఏండ్ల మనిషి గొంతు. నాకు యాదికున్నది బొంగురు పోయిన ముసలి గొంతు. మా అమ్మ గొంతు గింత సన్నంగ ఉండెనా? "ఇది ఎవరిదైనా కావొచ్చు బిడ్డా. ఇప్పుడు మిషన్లు ఏ గొంతు కావాలంటే ఆ గొంతు చేస్తున్నయి" అన్న. నస్రీన్ చిన్నబుచ్చుకున్నది గాని ఆపలే.

ఫోన్ల ఖాదర్ అంటున్నడు, "రేపు ఏడో భాగం వేరే ఆమె చదువుతది, సరే. కానీ ఆ ఊదుడు ఆమెకు రాదు చెల్లె. కథల లేనిది నువ్వు పెట్టినవ్. దీపం ఆరిందని వినేటోళ్లకు తెల్వాలె గద అని నువ్వే అంటివి. ఏడో దీపం సుత నువ్వే ఊది పో. మైకుకు పక్కకు తిరిగి."

తర్వాత మూడు చిన్నయి. ఆగింది. ముక్కుతోని గాలి తీసుకున్నది. నాలుగోది, పొడుగ్గ.

నా చేతిల నీళ్ల గ్లాసు టేబుల్ మీద పెట్టిన. ఏ మిషను కూడ ఆ పాలు తాగలే.

"ఇంట్ల ఎట్ల తెలిసింది చెల్లె?" అని అడిగిండు ఖాదర్.

నేను కండ్లు మూసుకున్న. యాభై ఏండ్ల నుంచి నేను వినాలని, వినొద్దని అనుకున్నది ఇదే.

"మా బుడ్డి పట్టింది అన్నా" అన్నది అమ్మ. "పాపం, పాలు ఊదంగ భయపడ్డది. ఇగ దాని పాలు ఊద, రెండు గ్లాసుల పోసి సల్లార్పుత." ఆగింది. మళ్ల గొంతు మారింది, కొంచెం పైకి లేచింది. "కానీ చూసినవా అన్నా? మా అత్త విన్నది, వాడకట్టు మొత్తం ఆరు వారాలు కూసొని విన్నరు. ఎవ్వళ్లు పోల్చలే నన్ను. నా బిడ్డ ఒక్కతే పోల్చింది."

అని నవ్వింది. కొంగు అడ్డం లేదు, ధూమ్రవేణి సుత కాదు. మామూలు ఆడమనిషి, సంబురం పట్టలేక నవ్వే నవ్వు. ఎంతసేపు నవ్విందో. ఖాదర్ కూడ నవ్విండు. అంతల్నే తలుపు సప్పుడైంది, గుయ్యిమని మళ్ల షురూ అయింది.

నస్రీన్ వేలు ఫోన్ మీదికి పోయింది. ఆమె చెయ్యి పట్టుకున్న. "బంద్ చెయ్యకు."

"అయిపోయింది ఆంటీ. ఇంక ఏం లేదు."

"పేర్లు చెప్పలే గద ఇంక" అన్న. పసుపు కాయితం ముందటికి గుంజుకొని, ఆమె పెన్ను అడిగి, నా పేరు కొట్టేసిన. ముక్కు తుడుచుకొని, గొంతు సవరించుకొని, రేడియోల చెప్తరే, అట్ల సాఫ్‌గ చెప్పిన.

"ధూమ్రవేణిగా, శ్రీమతి బాలమణి."

ఆ పేరు నా నోటితోని గట్టిగ పలకడం నా జన్మల అదే మొదటిసారి. తర్వాత లేచి పోయి చాయ్ పెట్టిన.